వెల్‌నెస్ సెంటర్లో కూర్చుంటే అనుభవం కింద లెక్కేస్తారా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా క్యాంపస్‌లో ఈ ఏడాది వెల్‌నెస్ సెంటర్ అని పెట్టారు. ఒక కౌన్సెలర్ మేడమ్ ఉంటారు, పొద్దుటిపూట ఒక నర్సమ్మగారు వస్తారు. పీజీ వాళ్ళలోంచి ఇద్దర్ని పార్ట్ టైమ్‌కి తీసుకుంటామంటే పేరిచ్చాను, వచ్చింది. సాయంత్రం 4 నుంచి 7 దాకా కూర్చోవాలి, నెలకి 4,000 రూపాయలు. ఇంట్లో చెప్తే నాన్న “జ్వరం మాత్రలు పంచడానికా నిన్ను ఎమ్మే దాకా చదివించింది?” అన్నారు. సీనియర్లేమో “ఇంటర్వ్యూలో ఇదెవడూ అడగడు, ఆ టైములో లెక్చరర్ ఉద్యోగానికి రాసే నెట్ పరీక్షకి చదువుకో” అంటున్నారు. ఇది నిజంగా అనుభవం కింద లెక్కకొస్తుందా? ఇంకో రెండు బెంగలున్నాయండి. మా రేవులో ఏరు దాటించే ఆఖరి పంటు ఆరున్నరకి. రెండోది, ఎవరైనా వచ్చి చచ్చిపోవాలనుందని చెప్తే నేనేం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మాయీ, ముందు పంటు సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ దానితరవాతే. నేనూ పంటెక్కి చదువుకున్నదాన్నే. ఆఖరి పంటు తప్పిపోయి రేవులో నిలబడితే దోమలు, చీకటి, “ఏమ్మా ఎవరి తాలూకు?” అని ఆరా తీసే పెద్దమనుషులు. ఆ రోజులు నాకు బాగా గుర్తు. కాబట్టి ఏడింటి దాకా కూర్చోవడమనేది నీకు కుదిరే పని కాదు. కుదురుతుందని ఒప్పుకుని రెండో వారానికి మానేస్తే ఆ సెంటర్లో నీ పేరు చెడుతుంది.

ఒక మాట గమనించు. మన డెల్టా కాలేజీల్లో సగానికి సగం బస్సు పిల్లలే. నాలుగున్నరకి బస్సు కదిలిపోతుంది. నాలుగు నుంచి ఏడు దాకా తలుపు తెరిచి కూర్చుంటే వచ్చేది హాస్టల్ వాళ్ళు మాత్రమే. మరి రావులపాలెం నుంచీ, ముమ్మిడివరం నుంచీ రోజూ వచ్చిపోయేవాళ్ళకి తలనొప్పులు రావా? మీ కౌన్సెలర్ మేడమ్ దగ్గరికెళ్ళి ఇదే చెప్పు. మధ్యాహ్నం భోజనాల వేళ గంటన్నర, శనివారం పూటంతా నేను కూర్చుంటాను, సాయంత్రాలు ఆ రెండో మనిషికి ఇవ్వండి అని అడుగు. నీ ఇబ్బంది చెప్పుకున్నట్టు కాకుండా సెంటరుకి పనికొచ్చే సంగతి చెప్పినట్టుంటుంది. అది నిజం కూడాను. వరదల మాటా ముందే తేల్చుకో. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఆ రోజు నేను రాను, ఫోన్లో దొరుకుతాను అని కాయితం మీద రాసిచ్చెయ్. నవ్వితే నవ్వుతారు. జులై వచ్చాక వాళ్ళకే తెలుస్తుంది.

ఇక లెక్క. ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రభుత్వ నోటిఫికేషన్లలో ‘అనుభవం’ అంటే చాలాసార్లు డిగ్రీ చేతికొచ్చాక చేసిందే. చదువుతుండగా చేసిన పార్ట్ టైము అక్కడ చెల్లదు. రేపు నువ్వు సైకాలజీ వైపు మళ్ళి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలనుకున్నా ఈ గంటలు అందులో కలవవు, దానికి వేరే శిక్షణ ఉంది. మీ సీనియర్లు చెప్పిందాంట్లో ఆ మేరకు నిజముంది. కానీ వాళ్ళు సగమే చెప్పారు. స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్ పోస్టులు, స్కూలు కౌన్సెలర్లు, రీసెర్చి ప్రాజెక్టుల్లో ఫీల్డు ఉద్యోగాలు, వీటికి ఇంటర్వ్యూ చేసేవాడు సర్టిఫికెట్ తిరగేసి పక్కన పెట్టి “ఎప్పుడైనా మనుషులతో పని చేశావా? ఏం చేశావో చెప్పు” అంటాడు. నేనూ కొన్నాళ్ళు ఆ బల్లకి అవతల కూర్చున్నాను. పదిమందిలో తొమ్మిదిమంది “నాకు జనసేవంటే ఇష్టమండి” అని మొదలుపెడతారు. పదో మనిషి “సోమవారాలు మా దగ్గరికి తలనొప్పులు ఎక్కువొచ్చేవండి” అంటే, తలెత్తి చూస్తాం.

ఆ సోమవారాల కథ నాదే. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో హెల్త్ రూమ్ అని ఒకటుండేది. ఒక బల్ల, ఒక మంచం, తూకం మిషను, జిందా తిలిస్మాత్ సీసా. నేను ఇన్‌ఛార్జి. రిజిస్టరు తిరగేస్తే సోమవారం పొద్దున్న వచ్చే ఆడపిల్లలు మిగతా రోజులకంటే బాగా ఎక్కువ కనిపించారు. కళ్ళు తిరగడం, తలనొప్పి, నీరసం. చదువు ఎగ్గొట్టడానికి వేషాలని మా వాళ్ళంతా తేల్చేశారు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. కూర్చోబెట్టి అడిగితే తేలిందేమిటంటే, ఆదివారం ఇంటికెళ్ళిన హాస్టల్ పిల్లలు సోమవారం తొలి బస్సు అందుకోవడానికి తెల్లారుజామునే బయల్దేరుతున్నారు, ఏమీ తినకుండా. మన కాంటీన్ తెరిచేది తొమ్మిదిన్నరకి. నెల రోజుల లెక్క పట్టుకెళ్ళి ప్రిన్సిపాల్‌గారి ముందు పెట్టాను. సోమవారాలు ఎనిమిదింటికే కాంటీన్ తెరిపించారు, ఇడ్లీ, ఉప్మా పెట్టారు. వచ్చేవాళ్ళు తగ్గారు. పూర్తిగా పోలేదులే, వాళ్ళలో రక్తం తక్కువున్నవాళ్ళూ ఉన్నారు. అది వేరే గొడవ. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. నీ బల్ల దగ్గరికొచ్చే ప్రతి ఇద్దరమ్మాయిల్లో ఒకరికి అది ఉండొచ్చని మనసులో పెట్టుకో. అలాగని చేతిలో మాత్ర పెట్టకు. రక్తపరీక్షకి పంపు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదని, కూరలో నిమ్మరసం పిండుకుంటే పడుతుందని చెప్పు. అంతవరకు నీ పని. నాన్నగారు చెప్పిన జ్వరం మాత్ర కూడా నర్సమ్మగారు రాసిపెట్టిన పద్ధతి ఉంటేనే ఇవ్వాలి. అసలు నువ్వు పంచడానికి మాత్రలేవీ ఉండవు, ఆ సంగతి ఆయనకి చెప్పు.

నాన్నగారి గురించి ఇంకో ముక్క. లంకల్లో కొబ్బరి తోటలుంటాయి గదా, మీకూ ఉండే ఉంటుంది. దింపు తీయించిన రోజున ఎన్ని కాయలు దిగాయి, ఎన్ని కురిడీకి, ఎన్ని పచ్చివి పోయాయి అని రాసుకోకుండా ఏ రైతూ లోడు పంపడు. నువ్వు వెళ్ళేది ఆ లెక్క రాయడం నేర్చుకోవడానికే నాన్నా అను. ఆయనకి ఎమ్మెస్‌డబ్ల్యూ సిలబస్ కంటే ఇది తొందరగా అర్థమవుతుంది.

ఆ బల్ల దగ్గరికి ఎవరొస్తారు? పుస్తకాల్లో ‘డిప్రెషన్’, ‘యాంగ్జయిటీ’ అని అధ్యాయాలుంటాయి. తలుపు తోసుకుని వచ్చేది మాత్రం కడుపునొప్పి. లేకపోతే నిద్ర పట్టకపోవడం. భీమవరం వైపు నుంచొచ్చిన కుర్రాడు మూడోసారి తలనొప్పి అని వచ్చాడంటే, దాని వెనక రొయ్యల చెరువు ఉండొచ్చు. తెల్లమచ్చ వైరస్ తగిలి పంట పోయింది, మేత కొట్టు వాడికి బాకీ, అక్క పెళ్ళి వాయిదా. ఇవన్నీ వాడు నీకు మొదటి రోజు చెప్పడు. మంచినీళ్ళ గ్లాసిచ్చి, పది నిమిషాలు ఫోను చూడకుండా కూర్చుంటే చెప్తాడు. మా రోజుల్లో ఫోన్లు లేవు గానీ, నేను రిజిస్టరు చూసుకుంటూ వినేదాన్ని. అదీ తప్పే.

అంతకంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. నువ్వు చెయ్యకూడదని చెప్తున్నాను. 1987లో నేను కూడా నీలాగే ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతూ ఒక ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రాలు హెల్త్ రూమ్ చూసేదాన్ని. ఎక్కడని అడక్కు. ఒకమ్మాయి రాత్రి భోజనం మానేసేది. నాకు చేరువయ్యాక చెప్పింది, మెస్ బిల్లు తగ్గితే ఆ డబ్బు తమ్ముడి పుస్తకాలకి పంపొచ్చని. ఎవరికీ చెప్పొద్దంది. నేను మంచి చెయ్యాలన్న ఉబలాటంలో వార్డెన్‌గారికి చెప్పేశాను, ఏదైనా రాయితీ ఇస్తారేమో అని. ఆవిడ భోజనాల హాల్లో, అందరి ముందూ, ఆ పిల్ల పేరు పెట్టి, “డబ్బు ఇబ్బందుంటే మమ్మల్ని అడగొచ్చు గదమ్మా” అంది. ఆవిడదీ మంచి ఉద్దేశమే. శనివారం ఆ అమ్మాయి ట్రంకు పెట్టె మెట్ల మీద లాక్కుంటూ దిగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ పెట్టె ఒక్కో మెట్టుకీ కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

చెప్పకుండా ఉండాల్సిందా? కాదు, ఆకలితో పడుకునే పిల్ల గురించి ఎవరో ఒకరికి చెప్పాల్సిందే. “నేనొక్కదాన్నీ ఇది తేల్చలేను, ఫలానా ఆవిడకి చెప్దామా, నువ్వూ వస్తావా?” అని ముందు ఆ పిల్లనే అడగాల్సింది. అడగలేదు. అందుకే నువ్వు చేరేముందు కౌన్సెలర్ మేడమ్‌ని అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న జీతం గురించి కాదు, “విన్నది నేను ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు?” అన్నది. ఆవిడ దీనికి తడుముకోకుండా జవాబిస్తే ఆవిడ దగ్గర పని నేర్చుకోవచ్చు. “అదేముంది, అందరం ఒక కుటుంబమే గదా” అందంటే, నన్నడిగితే మర్యాదగా నోటీసు బోర్డు దగ్గరే వదిలేసి రా.

బాగానే చెప్పిందనుకో. అప్పుడు ఆర్డరు కాయితం మీద అడుగు. ఏ తేదీ నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, ఏ పని. చివర్లో సర్టిఫికెట్ అడిగితే “మంచి అమ్మాయి, క్రమశిక్షణ గలది” అని రాసిస్తారు, అది పెళ్ళిచూపులకి పనికొస్తుందేమోగానీ ఉద్యోగానికి కాదు. మొదట్లోనే పని రాయించుకుంటే చివర్లో అదే రాస్తారు. మీ డిపార్ట్‌మెంటులో ఫీల్డ్ వర్క్ చూసే మాస్టారిని కూడా కలువు. ఎటూ ఎం.ఎస్.డబ్ల్యూ.కి ఫీల్డ్ వర్క్ తప్పదు. ఈ గంటలు అందులో కలుపుతారేమో కనుక్కో, ఒప్పుకుంటే రెండు పనులు ఒకటౌతాయి.

నోట్‌బుక్ గురించి చెప్పకుండా వదల్లేను. సెంటరు రిజిస్టరు సెంటర్లోనే, తాళం వేసిన బీరువాలో ఉండాలి. నీ నోట్‌బుక్ వేరు, అందులో పేర్లుండవు, ఊర్లుండవు, హాల్‌టికెట్ నెంబర్లుండవు. మచ్చుకి ఇలా: “మంగళవారం, భోజనాల వేళ. అబ్బాయి, రెండో ఏడు. తలనొప్పి, మూడోసారి. కళ్ళు పరీక్ష చేయించుకోలేదు. కాసేపటికి ఫీజు మాట ఎత్తాడు. కౌన్సెలర్ దగ్గరికి రేపు రెండింటికి. వెళ్ళాడు.” ఆ ఆఖరి ‘వెళ్ళాడు’ ఉందే, అది చాలామంది రాయరు. పంపించేశాం కదా అని ఊరుకుంటారు. వెళ్ళకపోతే ‘వెళ్ళలేదు’ అని రాయి, ఎందుకు వెళ్ళలేదో వాడినే అడుగు. కౌన్సెలర్ గది అకౌంట్స్ సెక్షన్ పక్కన ఉందని, ఫీజు కట్టనివాడు ఆ వరండాలో నడవడానికి భయపడ్డాడని తెలిస్తే, గది మార్చమని అడగడానికి నీకో కారణం దొరుకుతుంది.

చచ్చిపోవాలనుందని చెప్తే? నీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే. ఆ మాట నోటి నుంచి రాకపోయినా, నీకు అనుమానం వస్తే సూటిగానే అడుగు. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని అందరూ భయపడతారు, అలా జరగదు. ఔనంటే ఉపన్యాసం వద్దు, “అమ్మానాన్నల గురించి ఆలోచించలేదా” వద్దు. ఒంటరిగా వదలకు. ఎవరికీ చెప్పనని మాటివ్వకు, ఇది ఒక్కటీ నేను దాచలేను అని మొహం మీదే చెప్పు. కౌన్సెలర్‌కి ఫోన్ చెయ్యి, ఆవిడ వచ్చేదాకా పక్కనే కూర్చో. ఆవిడ దొరక్కపోతే టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అప్పటికే ఏదైనా మింగారని తెలిస్తే ఫోన్లు తరవాత, ముందు 108. పోలీసు కేసవుతుందని పిల్లలు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ సంగతి తెలిసుండు. ఆ రోజు ఇంటికెళ్ళాక నీకు అన్నం సయించదు. మర్నాడు కౌన్సెలర్ మేడమ్ ముందు నువ్వూ కూర్చుని చెప్పుకోవాలి, అది కూడా డ్యూటీలో భాగమే.

మీ క్యాంపస్‌లో ఉన్నట్టుండి ఈ సెంటర్ ఎందుకు పుట్టిందో చెప్పనా? నా ఊహ ఇది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీం కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. అంతకంటే చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. ‘సోషల్ వర్కరు’ అన్న మాట చూశావా? రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఎన్ని జూనియర్ కాలేజీలు, ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయో మీ సీనియర్లని లెక్కపెట్టమను. అందరూ రేపే పోస్టులేస్తారని నేననను, పేరుకొక మనిషిని కూర్చోబెట్టే కాలేజీలు బోలెడుంటాయి. వేసేవాళ్ళు మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి కోసమే చూస్తారు. నెట్ చదువు పంటు మీద చదువుకో. నేను సగం పరీక్షలు దానిమీదే చదివాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పబ్లిక్ హెల్త్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడండి. అక్కడి యూనివర్సిటీ వెల్‌నెస్ ఆఫీసులో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా వారానికి 20 గంటలు పని. మా ఆడపడుచు “జిమ్ములో తువ్వాళ్ళు అందిస్తున్నాడట గదా” అని ఊరంతా చెప్తోంది. వీసాకి ఏమైనా ఇబ్బందా? ఈ పని రేపు ఉపయోగపడుతుందా? – ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: వీసాకి ఇబ్బంది లేదండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్ళినవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్ లోపల పని చేసుకోవచ్చు, సెలవుల్లో పూర్తి టైము కూడా. చదువయ్యాక ఓపీటీ కింద వచ్చే 12 నెలల ఉద్యోగ అవకాశంలోంచి ఇది కోత పడదు. కాకపోతే 20కి 21 చెయ్యనివ్వకండి, ఎవరు బతిమాలినా సరే. కొన్ని చోట్ల ఈ అసిస్టెంటుకి ఫీజులో రాయితీ కూడా ఉంటుంది, మీవాడికి ఉందో లేదో అడగండి.

అబ్బాయి ఈ పనిలో ఏం చేస్తున్నాడో మీరే ఒకసారి వీడియో కాల్లో కూర్చోబెట్టి అడగండి. అలాంటి ఆఫీసుల్లో నిద్ర గురించి, తాగుడు గురించి, పరీక్షల ఒత్తిడి గురించి కార్యక్రమాలు పెడతారు, వచ్చినవాళ్ళకి ఉపయోగపడిందో లేదో కొలుస్తారు. ఆ కొలిచే పని అడిగి తీసుకొమ్మనండి. పబ్లిక్ హెల్త్‌లో ఉద్యోగమంతా దానిమీదే నడుస్తుంది. అక్కడ హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టుగా సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఉంది, చెస్ అంటారు. వాళ్ళ కోర్సుల్లో దానికి సరిపడా క్రెడిట్లున్నాయో చూసుకోమనండి. ఆడపడుచుగారికి చెప్పడానికేమీ లేదు. తువ్వాళ్ళు కూడా అందిస్తే అందించాడు. నేను తూకం మిషను తుడిచాను.

ప్రశ్న: వెల్‌నెస్ సెంటర్లో చేరి మూడు నెలలైంది. నాచేత పోస్టర్లు అంటింపించడం తప్ప ఏమీ చేయించట్లేదు. మానెయ్యనా? – ఎం.బి.ఏ. విద్యార్థి, భీమవరం

జవాబు: ఇంకో నెల చూడు బాబూ. ఈ నెలలో పోస్టర్లు ఎక్కడ అంటించాలో నువ్వే నిర్ణయిస్తానని అడుగు. ఎం.బి.ఏ. కదా, జనం ఎక్కడ ఆగి చదువుతారో చూడ్డం నీ చదువే. మెయిన్ గేటు దగ్గర 14416 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పదిమంది చూస్తుండగా ఎవడూ ఆ నెంబరు ఫోన్లోకి ఎక్కించుకోడు. హాస్టల్ బాత్రూమ్ తలుపులకి, లోపలివైపు, కూర్చున్నవాడి కళ్ళకి ఎదురుగా అంటించు. తడికి చెడకుండా ప్లాస్టిక్ కవరు వెయ్యి. ఫోను లోపలికి తీసుకెళ్ళనివాడెవడూ లేడు ఈ రోజుల్లో.